వేడికి వాటాలు

ఎండల్లో పుట్టి పెరిగిన మనకు ఇల్లు వేడి చేసుకోవడానికి డబ్బు కట్టడమంటే వింతగానే ఉంటుంది. కానీ జర్మనీ వంటి చలి దేశాల్లో చలికాలం వచ్చిందంటే గుండెల మీద కుంపటి అదే. మేడలో ఇరవై ముప్ఫై కాపురాలుంటే కింద బాయిలరు మాత్రం ఒకటే. అందులో కాగిన నీరు గొట్టాల వెంట ప్రతి గదికీ పోయి, రేడియేటరు అనే ఇనుప చట్రాన్ని వేడెక్కించి తిరిగి వస్తుంది. ఏడాదికి బిల్లు కూడా ఒకటే. ఎవరు ఎంత కట్టాలి?

చదరపు గజాల లెక్కన పంచితే, కిటికీలు బార్లా తీసి రేడియేటరు పెట్టుకునేవాడూ, శాలువా కప్పుకుని పొదుపు చేసే ముసలమ్మా ఒకటే అవుతారు. 1990కి ముందు తూర్పు జర్మనీలో వేడి ఖర్చు అద్దెలోనే కలిసిపోయేది. చాలా ఇళ్ళలో రేడియేటరు తగ్గించుకునే వీలే లేదు. ఉక్కపోస్తే కిటికీ తెరవడమే! అంటే మంచు కురిసే వీధిని వేడి చేశారన్నమాట.

దీనికి ఉన్న ఉపాయం చూడండి. రేడియేటరుకు ఒక సన్నని గాజు గొట్టం బిగిస్తారు. అందులో మిథైల్ బెంజోయేట్ లాంటి నిదానంగా ఆవిరయ్యే ద్రవం ఉంటుంది. రేడియేటరు ఎంత వేడిగా, ఎంతసేపు ఉంటే అంత తగ్గుతుంది. ఏడాదికోసారి మనిషి వచ్చి గీత చూసి, కొత్త గొట్టం పెట్టిపోతాడు. వేసవిలో కూడా కొంత ఆవిరవుతుంది కనుక సున్నా గీతకు పైన ఆ మేరకు ముందే ఎక్కువ పోస్తారు. లాబులో బ్యూరెట్టు రీడింగుతో కుస్తీ పట్టే మాలాంటి వాళ్ళకు ముచ్చటేసే ఏర్పాటు! ఈనాడు ఎక్కువగా ఎలక్ట్రానిక్ పరికరాలే. అవి రేడియేటరు వేడినీ, గది వేడినీ పోల్చి లెక్క కడతాయి. అయితే పాతదైనా కొత్తదైనా కెలోరీలు కొలవదు, ఎవరి వాటా ఎంతో మాత్రమే చెబుతుంది.

1973లో చమురు ధరలు మండిపోయాక అక్కడి ప్రభుత్వాలకు పొదుపు గుర్తొచ్చింది. 1981లో పశ్చిమ జర్మనీ ఒక నిబంధన తెచ్చింది. ఖర్చులో 50 శాతానికి తగ్గకుండా, 70 శాతానికి మించకుండా వాడకాన్ని బట్టి, మిగిలింది ఇంటి వైశాల్యాన్ని బట్టి పంచాలి.

నూటికి నూరూ వాడకం మీదే ఎందుకు వేయలేదని నేనూ మొదట అనుకున్నాను. కారణం భౌతికశాస్త్రంలోనే ఉంది. వేడి గోడ దగ్గర ఆగదు. నడిమి అంతస్తువాడు రేడియేటరు కట్టేసినా పైనా కిందా ఇళ్ళ వేడితో బతికేయగలడు. పైకప్పు కింద ఉన్నవాడు ఎంత కాచినా చాలదు. రైతు బిడ్డకు ఇది విడమరిచి చెప్పనక్కర లేదు. పై మడికి నీళ్ళు పెడితే గట్టు కింద నుంచి మా మడిలోకి ఊట దిగుతుంది. ఆ నీటికి మేమెప్పుడైనా లెక్క చెప్పామా? ఉమ్మడి బోరుకు మోటారు కాలితే మా ఊళ్ళో ఖర్చు ఎకరాల లెక్కన వేసుకుంటారు, నీళ్ళు మాత్రం గంటల వంతు. చదువుకోని మా పెద్దల లెక్కా, జర్మనీవాళ్ళ లెక్కా దాదాపు ఒకటే.

ఇంత దూరం ఎందుకు వెళ్ళానంటే, మన హాస్టల్లో కరెంటు బిల్లు తలా ఇంతని పంచుతున్నారు. ఒక గదిలో బక్కెట్టులో హీటర్ రాడ్డు తెల్లారుజాము నుంచి మరుగుతూనే ఉంటుంది. పక్క గదిలో కుర్రాడు ఒక్క ఫ్యానుతో సరిపెట్టుకుని అంతే కడుతున్నాడు. వాళ్ళ నాన్న ఆ డబ్బు ఎలా పంపుతున్నాడో నాకు తెలుసు. అడిగితే "అందరం ఒకటే కదరా" అంటారు. ఆ మాట అనేది రాడ్డు ఉన్నవాళ్ళే!

గదికో సబ్ మీటరు పెట్టాలి. బిల్లులో సగం మీటరు మీద, సగం తలసరిన వేయాలి. వరండా దీపాలు, నీళ్ళ మోటారు అందరివీ కదా. రీడింగు తీయడానికి బయటివాళ్ళను పెడితే వాళ్ళ జీతం మన మీదే పడుతుంది. జర్మనీలో ఆ ఫీజుల గురించి గొణుగుడు ఉండనే ఉంది. మనమే వంతులవారీగా ఒకటో తారీఖున తీసి మెస్సు బోర్డు మీద అంటిద్దాం.

మొదటి నెల మా గదికే ఎక్కువ రావచ్చు. రాడ్డు మా దగ్గరా ఉంది.