సాగరగర్భంలో చమురు – మన చదువు

మైపాడు తీరాన నిలిచి తూర్పువైపు చూచినప్పుడు అలలూ పడవలూ తప్ప మరేమీ కనిపించవు. సముద్రం అడుగున చమురు దొరుకుతుందంటే, అక్కడ చమురు చెరువులుంటాయని మన విద్యార్థులలో పలువురి భావన. మేము భాష బోధించేవారమే గాని శాస్త్రజ్ఞులం కాము. అయినా ఈ భ్రమను తొలగించటం మా విధి అనుకొంటున్నాము. చమురు చెరువుగా ఉండదు. తడి ఇసుకలో నీటివలె, రాతి రంధ్రాలలో ఇమిడి ఉంటుంది.

ఇందుకు మన కోస్తాలోనే నిదర్శనం ఉన్నది. గోదావరి ముఖద్వారం చెంత, సూరసానియానాం ఎదుటి సముద్రంలో 1987లో చమురు, సహజవాయు కమిషన్ రవ్వ క్షేత్రాన్ని కనుగొన్నది. దాదాపు 13 కోట్ల సంవత్సరాల క్రితం భారత భూభాగం అంటార్కిటికా నుండి విడివడినప్పుడు ఈ తీరం వెంట నేల క్రుంగి అగాధాలు ఏర్పడినవి. నదులు తెచ్చిన ఒండ్రు వాటిని నింపినది. ఒండ్రులో కప్పబడిన జీవశేషాలు భూగర్భపు వేడికి మాగి చమురైనవి. ఆ చమురు పైకి ప్రాకి, కోటి సంవత్సరాలకు పైబడిన ఇసుకరాతిలో చేరి, మీది బంకమట్టి పొర అడ్డగించగా నిలిచిపోయినది. ధ్వనితరంగాలను సముద్రగర్భానికి పంపి, ప్రతిధ్వనుల వలన శాస్త్రజ్ఞులు ఈ పొరల ఆకృతిని గ్రహిస్తారు.

అయినా బావి త్రవ్వితేగాని నిజం తేలదు. రవ్వ తొలి అంచనాకు రెండింతలు మించి ఇచ్చినది. 2002లో కాకినాడకు ఎదురుగా లోతైన సముద్రంలో రిలయన్స్ సంస్థ కనుగొన్న వాయుక్షేత్రం 2009లో ఉత్పత్తి ప్రారంభించి, మరుసటి ఏడాదే శిఖరమందుకొని, ఆపై అంచనాలను తలక్రిందులు చేస్తూ క్షీణించినది. భూమిని ఇంకా చదవవలసి ఉన్నదనటానికి వేరే సాక్ష్యమేల?

ఆ చదువరులలో మనవారెందరు? నెల్లూరు, కడప జిల్లాల నుండి మన యువకులు ఏటేటా కువైట్‌కు, సౌదీకి డ్రైవర్లుగా, వంటవారుగా పోతున్నారు. ఆ శ్రమను మేము చిన్నచూపు చూడము. ఆ సొమ్ముతోనే చెల్లెళ్ల పెండ్లిండ్లు, తమ్ముళ్ల చదువులు సాగుతున్నవి. కాని చమురు దేశంలో బండి నడపటానికీ, చమురు ఎక్కడున్నదో చెప్పటానికీ నడుమ ఉన్నది కొన్నేళ్ల చదువే. తిరుపతిలోని శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్రం, విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భూభౌతికశాస్త్రం బోధిస్తున్నారు. ఇల్లు గడవనివారు అన్నేళ్లు ఆగలేరన్నది నిజమే. అందుకే గల్ఫ్ సొమ్ముతో మేడలు కట్టిన కుటుంబాలు తలా ఒక విద్యార్థి ఫీజు భరించాలని మా విన్నపం.

మన పెన్నా ముఖద్వారానికి ఎదుటనున్న పెన్నా–పాలార్ బేసిన్‌లో ఇంకా ఉత్పత్తి లేదు. రేపు అక్కడ అన్వేషించే ఓడమీద మన విద్యార్థి ఒక్కడైనా, విద్యార్థిని ఒక్కతైనా ఉండాలి. ఉర్దూలో అర్జియాత్ అన్నా, తెలుగులో భూగర్భశాస్త్రమన్నా విద్య ఒక్కటే.