రిపోర్టులు నార్మల్, నొప్పి మాత్రం నిజం

రాజోలు దగ్గరుండే మా అక్కకి మూడేళ్ళుగా నొప్పి. ఎక్కడో చెప్పడానికి మా ఇళ్ళల్లో మాట లేదు, "కింద మంట" అంటారంతే. నాతో చెప్పలేక మా ఆవిడకి చెప్పింది. ఇన్నాళ్ళూ ఫంగస్ క్రీములే రాసుకుంది. పరీక్షలన్నీ నార్మల్. చివరికో డాక్టరుగారు తేల్చేశారు: "పిల్లలు పుట్టేశారు కదమ్మా, గర్భసంచి తీయించేసుకో."

నొప్పేమో వల్వాలో, అంటే యోని బయటి భాగంలో. మౌస్ పనిచెయ్యకపోతే మదర్‌బోర్డు పీకేస్తామా?

కారణం కనబడకుండా మూడు నెలలైనా ఉండే ఈ నొప్పికి వల్వోడైనియా అని పేరుంది. 2015లో మూడు అంతర్జాతీయ వైద్య సంఘాలు కలిసి నిర్వచనం ఖాయం చేశాయి. 2016లో అమెరికా గైనకాలజిస్టుల సంఘం ఏం చెయ్యాలో రాసింది. ముందు ఇన్ఫెక్షన్ లేదని తేల్చుకోవాలి, దూదిపుల్లతో తాకి నొప్పి ఎక్కడో చూడాలి. తర్వాత మత్తు ఆయింట్‌మెంటు, కటి కండరాలకి ఫిజియోథెరపీ, కౌన్సెలింగ్, కొన్ని మాత్రలు. ఇవేవీ పనిచెయ్యకపోతేనే, అదీ కొందరికే, నొప్పి ఉన్నచోట చిన్న ఆపరేషన్. గర్భసంచి ఊసే లేదు!

"అయితే గైడ్‌లైన్సు వేదమా?" అంటారేమో. కాదు. ఆధారాలు బలహీనమని అవే ఒప్పుకుంటాయి. 2010లో ఒక ట్రయల్‌లో లిడోకెయిన్ క్రీము, 2018లో ఇంకోదాంట్లో గాబాపెంటిన్ మాత్ర, ఉత్తుత్తి మందుకన్నా మెరుగని తేలలేదు.

మా ఆవిడ ఇదంతా ఫోన్లో చదివి చెప్పింది.

"అయితే వాళ్ళకీ తెలీదా?" అంది అక్క.

"పూర్తిగా తెలీదు వదినా. కానీ తెలీదని రాశారు."

"ఆ ముక్క ముందే చెప్పుంటే, ఇన్నాళ్ళూ నాలోనే ఏదో లోపముందని ఏడ్చేదాన్ని కాదుగా!"

నా గొడవంతా ఇదే. ఏది ఎంతవరకు పనిచేస్తుందో చెప్పి, నిర్ణయం పేషెంటుకి వదలాలి. ఆయింట్‌మెంటు పనిచెయ్యకపోతే మానెయ్యొచ్చు. గర్భసంచికి అన్‌డూ లేదు. దాంతోపాటు అండాశయాలూ తీసేస్తే ఈస్ట్రోజెన్ పడిపోయి అక్కడ పొడిబారి, ఉన్న మంట ఇంకా పెరగొచ్చు కూడా.

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతంలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. అనవసరంగా తియ్యకుండా కేంద్రం తయారుచేసిన మార్గదర్శకాలని అమలుచెయ్యమని 2023 ఏప్రిల్లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకి మూడు నెలల గడువిచ్చింది. ఆ ముక్క అమలాపురంలోనో కొత్తపేటలోనో ఆస్పత్రి బెంచీ మీద కూర్చున్నావిడకి తెలుగులో చెప్పేదెవరు?

ప్రతి వెర్షన్‌కీ రిలీజ్ నోట్స్ చదివే మనం, అక్కకో అమ్మకో జరగబోయే ఆపరేషన్ గురించి నాలుగు పేజీలు చదివి చెప్పలేమా? సిగ్గా?

అక్క ఇప్పుడు ఫిజియోథెరపీకి కాకినాడ వెళ్ళొస్తోంది. తగ్గుతుందో లేదో చూడాలి. గర్భసంచి మాత్రం తన దగ్గరే ఉంది.