సైకిల్ కొనిచ్చాం సరే, హవా ఎవరు కొట్టాలి?

మా పెద్ద బిడ్డ సైకిల్ నాలుగు నెలలు మెట్ల కింద పడి ఉంది. బేచారీ దానికి పెద్ద రోగమేమీ లేదు. వెనక చక్రంలో హవా లేదు, అంతే. ఆ నాలుగు నెలలూ బిడ్డ బడికి షేర్ ఆటోలో పోయింది, రానూ పోనూ రోజుకు 40 రూపాయలు. ఒక రాత్రి కూర్చుని హిసాబ్ వేస్తే 4000 దాటింది. సైకిల్ కొన్నదే 7000కు.

గలతీ బిడ్డది కాదు, నాది. సైకిల్ తెచ్చిన రోజు మొహల్లాలో మిఠాయి పంచాను గానీ పంపు కొనలేదు. మా గల్లీలో చూస్తే ఇట్లాంటివే ఇంకో నాలుగైదు సైకిళ్లు దుమ్ము కొట్టుకుని గోడలకు ఆనుకుని ఉన్నాయి. అన్నిటికీ అదే మర్జ్. టైరు నేలకు అతుక్కుంది, పిల్లలకు షౌక్ పోయింది. సైకిల్ కొనివ్వడంతో మన జిమ్మేదారీ తీరిందని మనం అనుకుంటాం. హవా సంగతి ఎవరూ చెప్పరు.

ఎందుకు చెప్పమో కూడా అనుకుందాం. ఎంత చదివినా మీరు పంక్చర్లు వేసుకోవాల్సినోళ్లే అనే వెటకారం మనమందరం వినే ఉంటాం. నేను న్యూస్ డెస్కు మీద కూర్చుని విన్నాను. అన్నాయన నవ్వాడు, నేనూ నవ్వాను. ఆ నవ్వు నాకు ఇప్పటికీ అరగలేదు. కానీ ఆ మాటకు మన ఇళ్లలో మనమిచ్చిన జవాబేంది? "చదవకపోతే పంక్చర్ దుకాణంలో కూర్చోబెడతా" అని పిల్లల్ని బెదిరించడం. నేనూ బెదిరించాను, ఒకసారి కాదు. పరాయివాడు విసిరిన రాయిని ఏరుకొచ్చి మన పిల్లల మీదే విసిరాం. ఇప్పుడు వాళ్లకు పంపు పట్టుకోవడం కూడా బేయిజ్జతీ పని. ఇక ఆడపిల్ల అయితే చెప్పేదేముంది! నేను బిడ్డకు చక్రం విప్పడం చూపిస్తుంటే అమ్మీ లోపలి నుంచి కేకేసింది: "లడ్కీకే హాతాంకు గ్రీస్ కైకు రే?"

గ్రీజు సబ్బుతో పోతుంది అమ్మీ, బిడ్డ దారి మధ్యలో ఆగిపోతే ఆ ఫికర్ దేంతో పోతుంది?

నేను ఉర్దూ మీడియం బడిలో చదివే జమానాలో బడి పక్కనే ఒక చాచా కిరాయికి సైకిళ్లు ఇచ్చేవాడు, గంటకు రూపాయి. ఇచ్చే ముందు టైరును బొటనవేలితో నొక్కి చూసేవాడు. మేమూ అట్లా నొక్కబోతే కసిరేవాడు, "తేరీ ఉంగ్లీకు క్యా మాలూం రే, మేరీ ఉంగ్లీ తీస్ సాల్ కీ హై" అని. ఆ మాట నూటికి నూరుపాళ్లు నిజం. మన వేలికి 30 పీఎస్ఐ కూడా రాయిలాగే తగులుతుంది, 60 కూడా రాయిలాగే తగులుతుంది. అందుకే మీటరున్న పంపు కొనండి. కాళ్లతో తొక్కిపెట్టి రెండు చేతులతో కొట్టే నిలువు పంపు నాకు 650కి దొరికింది. ఇంటిల్లిపాదికీ అదొక్కటి చాలు.

ఎంత కొట్టాలో టైరు పక్కనే అచ్చు వేసి ఉంటుంది, తడిగుడ్డతో తుడిచి చదవండి. మా బిడ్డ టైరు మీద 40 నుంచి 65 పీఎస్ఐ అని ఉంది. తను బక్కపల్చటిది కాబట్టి 42 దగ్గర ఆపుతాం. అదే సైకిల్ నేను తీసుకుపోతే 55 కొట్టుకుంటా. బరువంతా వెనక పడుతుంది కాబట్టి వెనక చక్రానికి ముందు దానికన్నా నాలుగైదు ఎక్కువ. రాసిన పెద్ద అంకె దాటొద్దు. హవా తక్కువైతే నడుస్తుందిలే అనుకోవద్దు, నష్టం అక్కడే ఎక్కువ. గుంతలో పడ్డప్పుడు ట్యూబు రిమ్ముకూ రాయికీ మధ్య నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి, పాము కాటేసినట్టు. ట్యూబు లోపల జరిగి వాల్వు మొదట్లో చిరిగితే ఇక దానికి అతుకు కూడా నిలవదు.

ఇంకోటి, చిల్లి లేకపోయినా రబ్బరులోంచి హవా మెల్లగా పోతూనే ఉంటుంది. వారానికోసారి చూసుకోవాల్సిందే. మా ఇంట్లో జుమేరాత్ సాయంత్రం ఆ పని. పెట్రోల్ బంకు మిషన్‌తో మాత్రం కొట్టించకండి. అది లారీలకూ కార్లకూ పట్టేది, సైకిల్ ట్యూబు దాని ముందు చీమ. రెండు క్షణాలు ఎక్కువైతే ఢాం అంటుంది. నాకు అనుభవమే, చెవి గంటసేపు గుయ్యిమంది.

ఇక ఫాల్తూ ట్యూబు, అంటే ఇంట్లో ఒకటి తయారుగా పెట్టుకునేది. "26 ట్యూబు ఇవ్వండి" అని అడిగి తెచ్చుకున్న మొదటిది నాకు పనికిరాలేదు. 26లో రకాలున్నాయని నాకు అప్పుడు మాలూం కాదు. 26 x 1 3/8 అని రాసిన పాత లేడీస్ సైకిల్ చక్రం వేరు, 26 x 1.95 అని రాసిన లావు టైరు చక్రం వేరు. రిమ్ము కొలతే తేడా. ఈ తికమక లేకుండా టైరు మీద ఇంకో చిన్న అంకె ఉంటుంది, 50-559 లాంటిది. మొదటిది టైరు వెడల్పు, రెండోది రిమ్ము కొలత, మిల్లీమీటర్లలో. పాత లేడీస్ దానికి రెండో అంకె 590. మన అబ్బాల కాలపు పెద్ద నల్ల సైకిల్, 28 x 1 1/2, దానికి 635. ఫోన్‌లో ఫోటో తీసుకుని దుకాణానికి పోండి, నోటితో చెప్పకండి. ట్యూబు సాగుతుంది కాబట్టి డబ్బా మీద 1.75 నుంచి 2.125 వరకు అని ఉంటుంది. మీ టైరు ఆ మధ్యలో ఉంటే సరి.

వాల్వు కూడా చూసుకోవాలి. మోటార్‌సైకిల్‌కు ఉన్నట్టు లావుగా ఉండేది ఒకటి. రేసు సైకిళ్లకు సన్నటిది, దాని కొనమీద చిన్న నట్టు వదులు చేస్తేగానీ హవా లోపలికి పోదు. మూడోది నల్ల సైకిళ్లది, లోపల చిన్న రబ్బరు గొట్టం, వాల్‌ట్యూబ్, ఉంటుంది. మన ఎండలకు అది చివికిపోతుంది. చాలాసార్లు పంక్చర్ అనుకునేది పంక్చర్ కాదు, ఈ గొట్టమే. రూపాయో రెండో పెడితే వస్తుంది. రిమ్ము చిల్లి సన్నగా ఉంటే లావు వాల్వు అందులో దూరదు, పంపు మూతి కూడా వాల్వుకు కుదరాలి.

వేసేటప్పుడు ఒక్కటి మరవకండి. టైరు లోపల చుట్టూ వేళ్లతో, భద్రంగా, తడిమి చూడండి. మన దారుల్లో పల్లేరు కాయ ఉంటుంది, తుమ్మ ముల్లు ఉంటుంది. ముల్లు తియ్యకుండా కొత్త ట్యూబు వేస్తే గల్లీ మలుపు తిరగకముందే పోతుంది. కొత్త ట్యూబులో కొంచెం హవా కొట్టి, గుండ్రంగా అయ్యాక ఎక్కిస్తే మడతలు పడదు.

గాలి టైరుకు 1888లో పేటెంట్ తీసుకున్న జాన్ బాయ్‌డ్ డన్‌లప్ ఇంజనీరేమీ కాదు, బెల్‌ఫాస్ట్‌లో పశువుల డాక్టర్. కొడుకు మూడు చక్రాల సైకిల్ కుదుపులు చూడలేక రబ్బరు గొట్టంలో హవా నింపి చక్రాలకు చుట్టాడు. ఆయన్నెవరైనా పంక్చర్‌వాలా అన్నారో లేదో గానీ, నేను బిడ్డకు ఈ కిస్సా చెప్పాకే అది పంపు పట్టుకుంది.

మనమే చేసుకుంటే పంక్చర్ దుకాణం భాయ్ రోజీ ఏమవుతుందని మా తమ్ముడు అడిగాడు. మంచి సవాలే. మెట్ల కింద పడి ఉన్న సైకిల్ నుంచి ఆయనకు ఒక్క పైసా రాలేదు. ఇప్పుడు ట్యూబు ఆయన దగ్గరే కొంటున్నా, 180 రూపాయలు, ఆన్‌లైన్‌లో పదో ఇరవయ్యో తక్కువున్నా సరే. డబ్బా విప్పి, వాల్వు చూసి, "యే నక్కో సాబ్, వో లేవ్" అనేవాడు ఫోన్‌లో ఉండడు. పాత ట్యూబుకు అతుకూ ఆయనే వేశాడు. బిడ్డ పక్కన నిలబడి చూసింది, తొట్టిలో నీళ్లలో బుడగలు ఎక్కడ లేస్తున్నాయో తనే చూపించింది. ఆ అతుకేసిన ట్యూబుకు పౌడర్ చల్లి, గుడ్డలో చుట్టి, సీటు కింద సంచిలో పెట్టాం. ఎండ తగలకుండా ఉంటే చాలా కాలం ఆగుతుంది. పక్కనే టైరు లేపే రెండు ప్లాస్టిక్ పుల్లలు, నట్టు తిప్పే పానా.

నిన్న వెనక చక్రం తనే విప్పింది. నలభై నిమిషాలు పట్టింది, చైన్ ఎక్కించడానికి నన్ను పిలిచింది.