విదేశమందలి సైనికుడు - ఇంటనున్న ఇల్లాలు

ఐక్యరాజ్యసమితి పక్షమున కాంగో, లెబనాను, దక్షిణ సూడాను దేశములకు మన సైనికులు పోయియున్నారు. అట్టివాడు దూరమున నుండగా విడాకుల వ్యాజ్యము నడచుట ఉభయులకును కష్టమే. అతడు కోర్టునకు రాజాలడు గనుక, 1925 నాటి భారత సైనికుల వ్యాజ్య శాసనము అధికారి ధ్రువపత్రముపై విచారణను వాయిదా వేయించును. పరోక్షమున నైన డిక్రీని న్యాయార్థము రద్దుచేయ వీలు కల్పించును. పరాయి దొరలు తమ దండుకొఱకు చేసినదే యైనను, ఈ శాసనమును మేము నిందింపము, ఇది ధర్మమే.

హిందూ దంపతులు ఉభయులును సమ్మతించినచో దూరము గొప్ప యడ్డంకి కాదు. ఆరు నెలల గడువును తగు సందర్భములందు సడలింపవచ్చుననియు, వీడియో మూలమున విచారణ జరుపవచ్చుననియు 2017లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది.

అయితే సైనికుడే విడాకులకై దావా వేసి, భార్య మనోవర్తి యడుగగనే విదేశ సేవను సాకుచూపి వాయిదా కోరుట న్యాయమా? 1955 నాటి హిందూ వివాహ శాసనపు 24వ సెక్షను, జీవనాధారము లేని యామెకు విచారణ ముగియువరకు మనోవర్తి నిప్పించును. 1950 నాటి సైనిక శాసనము ప్రభుత్వాజ్ఞపై భార్యాబిడ్డల పోషణకై అతని జీతమునుండి కొంత మినహాయింప నిచ్చును. మార్గము లున్నవి, త్వరయే కావలయును. వ్యాజ్యము వాయిదా పడవచ్చును. ఆకలి వాయిదా పడదు. దేశమునకు కాపైనవాడు ఇంటికి కరవు కారాదు. న్యాయస్థానములు మొదట మనోవర్తిని తేల్చి, పిదప వాయిదాల నొసగవలయునని మా మనవి.