ఓట్ల ముహూర్తాన ఆరోగ్యం



ముప్పై ఏండ్లకు పైగా పిల్లలకు వ్యాకరణం చెప్పినవాణ్ణి కావడం చేత, ఏ వాక్యం కనిపించినా అందులో కర్త ఎవరు, కర్మ ఏది అని వెదకడం నాకు అలవాటైపోయింది. ప్రభుత్వాల ఆరోగ్య పథకాల ప్రకటనలలో కర్త వెదకనక్కరలేకుండానే దొరుకుతాడు. ఆయన బొమ్మ పత్రిక నిండా ఉంటుంది. కర్మ మనమే. తేలనిదల్లా క్రియ సంగతి. అది ఎన్నికల ముంగిటనే ఎందుకు జరుగుతుంది?

తేదీలు చూడండి. తెలంగాణలో కంటి వెలుగు పథకం 2018 ఆగస్టు 15న మొదలయింది. సెప్టెంబరు 6న శాసనసభ రద్దయింది. డిసెంబరు 7న పోలింగు. రెండవ విడత 2023 జనవరిలో ఖమ్మంలో మొదలయింది. ఆ ఏడాది నవంబరు 30న మళ్ళీ పోలింగు. నడుమ కరోనా వచ్చిన మాట నిజమే. ఊరికి వచ్చి కళ్ళు పరీక్షించి అద్దాలు ఇవ్వడం మంచి పని అన్నదీ నిజమే. కాని రెండు విడతలకూ ఎన్నికల ఏడాదిలోనే ముహూర్తం కుదరడాన్ని కాకతాళీయమని సరిపెట్టుకోవడానికి నా చదువు ఒప్పుకోవడం లేదు. కాకి వాలినప్పుడు తాటిపండు ఒకసారి రాలితే ఆ న్యాయం వర్తిస్తుంది. వాలినప్పుడల్లా రాలుతుంటే కాకికి పండు సంగతి ముందే తెలుసునని అర్థం.

ఇక ఆరోగ్యశ్రీ. రాజశేఖరరెడ్డి గారి ప్రభుత్వం 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో దానిని ప్రారంభించి, 2008లో రాష్ట్రమంతటికీ విస్తరించింది. కుటుంబానికి ఏడాదికి రెండు లక్షల దాకా ఉచిత చికిత్స. గుండె జబ్బు చేసిన పిల్లవాడి కోసం పొలం అమ్ముకొన్న తండ్రులను చూసినవాణ్ణి గనుక ఆ పథకాన్ని నేను చిన్నచూపు చూడను. 2009లో కాంగ్రెసు మళ్ళీ గెలిచింది. గెలుపునకు కారణాలు అనేకం. కాని అన్ని పక్షాల నాయకులూ దాని నుండి ఒకే పాఠం నేర్చుకొన్నారు: కార్డు ఇస్తే ఓటు వస్తుంది.

ఆ పాఠం ముదిరి 2023 నాటికి వేలంపాట అయింది. ఎన్నికల ఏడాదిలో తెలంగాణ ప్రభుత్వం పరిమితిని ఐదు లక్షలకు పెంచింది. కాంగ్రెసు పది లక్షలన్నది. భారాస తన ఎన్నికల ప్రణాళికలో పదిహేను లక్షలన్నది. గెలిచిన కాంగ్రెసు డిసెంబరు 9న పది లక్షలను అమలులోకి తెచ్చింది. అదే డిసెంబరులో, ఎన్నికలకు ఐదు నెలల ముందు, ఆంధ్రప్రదేశ్‌లో జగన్మోహన్‌రెడ్డి గారి ప్రభుత్వం ఇరవై ఐదు లక్షలన్నది. సంతలో కోడెలకు కూడా ఇంత వేగంగా ధర పెరగదు!

ఈ అంకెలోని చమత్కారం గమనించండి. పరిమితి అంటే ఖర్చు కాదు. అందరికీ వచ్చే జ్వరానికి, ప్రసవానికి, కాలు విరిగినదానికి పది లక్షలు కావు. పది లక్షల చికిత్స ఎక్కడో కొందరికే అవసరపడుతుంది. కనుక పరిమితిని పెంచుతున్నామని చాటడానికి ఖజానాకు వెంటనే పెద్దగా అయ్యేది లేదు. వినేవాడి చెవికి మాత్రం అది నిండు కుండ. అసలు ఖర్చు వేరేచోట ఉంది. చేసిన చికిత్సకు ఆసుపత్రికి సకాలంలో డబ్బు చెల్లించడంలో ఉంది. 2025 సెప్టెంబరులో బకాయిలు రాలేదని తెలంగాణలో ప్రైవేటు ఆసుపత్రులు ఆరోగ్యశ్రీ సేవలు ఆపివేశాయి. ఆనాడు కార్డు మీది పది లక్షల అంకె చెరగలేదు. చికిత్సకే తలుపు మూసుకొంది.

పేర్ల పిచ్చి మరొకటి. విజయవాడలోని ఎన్‌టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయానికి 2022లో శాసనసభలో బిల్లు పెట్టి వైఎస్సార్ పేరు పెట్టారు. ప్రభుత్వం మారగానే 2024లో పాత పేరు తిరిగి తెచ్చారు. సభ ఈ మార్పులకు వెచ్చించిన పూటలో ఒక్క పల్లె దవాఖానాకైనా ఒక నర్సు అదనంగా వచ్చిందా?

"పంతులుగారూ, ఎన్నికల భయం లేకపోతే ఆ మాత్రమైనా చేసేవారా?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. చేసేవారు కారు. భయం మంచిదే. నా అభియోగం ఆ భయం ఎటు చూస్తుందన్న దానిమీద. ఆపరేషన్ చేయించుకొన్నవాడు నాయకుణ్ణి జీవితాంతం తలచుకొంటాడు. మంచి నీరు తాగి జబ్బు రాకుండా పెరిగినవాడికి తాను ఒక గండం దాటానన్న సంగతే తెలియదు. తెలియని మేలుకు ఓటు ఎవరు వేస్తారు? అందుకే ఓట్ల లెక్కలో చికిత్సకు పెద్దపీట, నివారణకు చాప.

మా ఉమ్మడి నల్గొండ జిల్లా కన్నా దీనికి సాక్ష్యం అక్కరలేదు. మర్రిగూడ ప్రాంతంలోని బట్లపల్లిలో ఫ్లోరోసిస్‌ను 1945లోనే గుర్తించారు. నీటిలోని ఫ్లోరైడును పటికతో, సున్నంతో తగ్గించే పద్ధతిని నాగపూరులోని నీరీ సంస్థ రూపొందించి, దానికి నల్గొండ పేరే పెట్టింది. పేరు దేశాలు తిరిగింది. నీళ్ళు మాత్రం మారలేదు. ఆ వైపు పల్లెలో కొంతకాలం పనిచేశాను. పద్యం అప్పజెప్పమంటే పిల్లలు ధారాళంగా చెప్పేవారు. నవ్వమంటే అరచేయి నోటికి అడ్డం పెట్టుకొనేవారు. గారపట్టిన పండ్లు. ఆ మచ్చ దంతాలు తయారయ్యే పసితనంలోనే పడుతుంది. ఓటుహక్కు పద్దెనిమిదేళ్ళకు వస్తుంది. ఎముకలు వంగడానికి ఏండ్లు పడుతుంది. వంగిన ఎముకను నిటారు చేసే మందు లేదు. ఐదేళ్ళ పంచాంగంలో ఈ జబ్బుకు తిథి ఎక్కడ దొరుకుతుంది?

దొరకదని తెలిసే జనం 1996లో ఆ పంచాంగాన్నే తిరగవేశారు. దుశ్చర్ల సత్యనారాయణ గారి నాయకత్వంలోని జలసాధన సమితి పిలుపుతో నల్గొండ లోకసభ స్థానానికి నామినేషన్లు వెల్లువెత్తి, బరిలో 480 మంది నిలిచారు. ఓటుపత్రం పుస్తకమంత అయింది. మా సూర్యాపేట వారైన బొమ్మగాని ధర్మభిక్షం గారు గెలిచారు గాని, ఆ ఎన్నికలో దేశం విన్నది మాత్రం నీటి మాటనే.

చట్టసభ ఏం చేసింది? ఆ ఎన్నికలలోనే తమిళనాడు మొడకురిచ్చిలో వెయ్యిమందికి పైగా నిలిచారు. ఇటువంటి రద్దీని అరికట్టడానికి ఆ ఏడాదే చట్టం సవరించి లోకసభ అభ్యర్థి డిపాజిట్టును 500 నుండి 10,000 రూపాయలకు పెంచారు. తమ కుర్చీకి ఇబ్బంది కలిగితే నెలలలో చట్టం మారింది. మిషన్ భగీరథ ప్రారంభోత్సవం 2016లో జరిగింది. ఫ్లోరైడు పీడిత ఆవాసాలు తెలంగాణలో లేవని కేంద్రం పార్లమెంటులో చెప్పడానికి 2020 రావలసివచ్చింది. బట్లపల్లి నుండి లెక్కిస్తే డెబ్బై ఐదేండ్లు. నీళ్ళు తెచ్చినవారికి నా నమస్కారం. కాని ఆలస్యానికి మూల్యం కట్టిన ఎముకలకు ఎవరు నమస్కరిస్తారు?

కాబట్టి నిందనంతా సభ్యుల మీద వేసి చేతులు దులుపుకోను. వారు మన పరీక్షకు చదివే విద్యార్థులు. మనం అడిగే ప్రశ్నలకే జవాబులు వల్లె వేస్తారు. "ఎన్ని లక్షలు?" అని అడిగినంతకాలం లక్షలే చెబుతారు. ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాజ్యాంగం ప్రకారం రాష్ట్ర జాబితాలోనివి. "అది ఢిల్లీ సంగతి" అని మన శాసనసభ్యుడు తప్పించుకోలేడు. ఆరోగ్య వ్యయంలో మూడింట రెండు వంతులైనా ప్రాథమిక వైద్యానికి వెళ్ళాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం రాసిపెట్టుకొంది. దానిని పట్టుకొని అడగవచ్చు.

ప్రశ్నపత్రం మార్చుదాం. నీ నియోజకవర్గంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో ఎన్ని పోస్టులు ఖాళీగా ఉన్నాయి? ఆరోగ్యశ్రీ బకాయి ఎంత, ఎన్నాళ్ళది? ఊరి నీటిని చివరిసారి ఎప్పుడు పరీక్షించారు? ఈ మూడింటికీ ఏటా బడ్జెటు సమావేశంలో రాతపూర్వకంగా జవాబు చెప్పినవారికే ఓటు అని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలలో పదేసి ఊళ్ళు పట్టుబడితే చాలు. ఐదేండ్లకొకసారి రాసే పరీక్ష ఏటేటా రాయవలసివస్తుంది.

ఈ మాటలలో లోపం తోచినవారు మొగమాటం లేకుండా వ్యాఖ్య రాయండి. వాదానికి ఎప్పుడూ సిద్ధమే.