గొలుసా, పండ్లచక్రమా?

మా విద్యార్థి యొకని తండ్రి మాచర్లకును నరసరావుపేటకును నడుమ బాడుగ కారు నడుపును. 2022లో నరసరావుపేట పల్నాడు జిల్లాకు ముఖ్యపట్టణమైన నాటినుండి కచేరీ పనులమీద పోవువారిని చేరవేయుటయే ఆయన జీవనాధారము. గడచిన వేసవిలో ఆ కారు నడిదారిలో నిలిచిపోయినది. ఇంజను విప్పి చూడగా టైమింగు గొలుసు పండ్లు దాటి జరిగి, కవాటములు పిస్టనులకు తగిలి వంగియుండెను. పిల్లవాని చదువునకై దాచిన సొమ్మంతయు మరమ్మతునకు చెల్లిపోయినది. అచట చేరిన పెద్దలందరును, “ట్రాక్టరుకు వలె గేర్లుండినచో ఈ యాపద రాకపోవును గదా” యనిరి. ఆ మాట నిజమా యని బాలురు మమ్మడిగిరి. ఈ విషయమున మా యభిప్రాయమును ఇచట వ్రాయుచున్నాము.

క్రాంకుషాఫ్టు రెండు చుట్లు తిరుగునప్పటికి కవాటములను తెరచి మూయు కామ్‌షాఫ్టు సరిగా ఒక చుట్టు తిరుగవలెను. ఆ లెక్క తప్పినచో ఇంజను బలము తగ్గును; మిక్కిలి తప్పినచో పైన చెప్పిన గతి పట్టును. ఈ రెంటిని జతపరచుటకు గొలుసు ఒక మార్గము, పండ్లచక్రములు మరియొక మార్గము. రబ్బరు పట్టీ మూడవది గాని దానినిగూర్చి ఇప్పుడు చెప్పబోము.

పెద్దల మాటలో కొంత సత్యము లేకపోలేదు. పండ్లచక్రములు సాగవు, వానిని బిగించి పట్టుకొను టెన్షనరుతో పనిలేదు. లారీలలోను ట్రాక్టరులలోను సాధారణముగా అవియే యుండుటకు కారణ మిదియే. కాని ట్రాక్టరులో కామ్‌షాఫ్టు క్రిందనే, క్రాంకుషాఫ్టునకు సమీపమున నుండును. కొలది చక్రములతో పని తీరును. నేటి కార్లలో అది ఇంజను తలమీదికి ఎక్కినది. అంత దూరమునకు పండ్లచక్రములే కావలెనన్న వరుసగా అనేక చక్రములను కూర్పవలెను. బరువును, వెలయు, మ్రోతయు పెరుగును. మ్రోత నణచుటకు ఫోర్డు వారు 1927 మొదలు 1931 వరకు చేసిన మోడలు ఏ కారులో కామ్‌షాఫ్టు చక్రమును ఇనుముతో గాక, గుడ్డపొరలను బేకలైటుతో అదిమి చేసిరి. అది నిశ్శబ్దముగా తిరిగినది గాని దాని పండ్లు ఊడిపోవుటయు కలదు. కావున చక్రమన్నంతమాత్రమున చిరంజీవి యని తలపరాదు.

గొలుసును విడిచి చక్రములను పట్టిన ఇంజను లేకపోలేదు. రెండవ ప్రపంచయుద్ధములో పనిచేసిన విల్లీసు జీపునకు గొలుసే యుండెను. యుద్ధానంతరము పౌరులకొరకు చేసిన సీజే-2ఏ జీపులలో ఆ కంపెనీవారే పండ్లచక్రములకు మారిరి. అట్లయిన మన పాత జీపునకును మార్పింతమని యెవరైన తొందరపడుదురేమో! గొలుసుతో కూర్చిన రెండు షాఫ్టులును ఒకే దిక్కునకు తిరుగును; ఒకదాని నొకటి తాకు రెండు చక్రములు ఎదురెదురు దిక్కులకు తిరుగును. అందుచేత కామ్‌షాఫ్టును, నూనె పంపును కూడ మార్చక తీరదు. ఈ సంగతి నెరుగక చక్రములు మాత్రమే కొనితెచ్చిన వాని డబ్బు దండుగ.

ఇక గొలుసు సాగుట యన నేమి? ఉక్కు సాగుట కాదు. లంకెలను కలుపు సన్నని పిన్నులు అరుగును. ఒక్కొక్కచోట వెండ్రుకవాసి కంటె తక్కువైనను, అన్నియు కలిసి కామ్‌షాఫ్టును వెనుకకు లాగును. ఈ అరుగుదలకు ముఖ్యకారణము చెడిన నూనె. పిడుగురాళ్ల సున్నపు దుమ్మును, రాతి లారీలు లేపు ధూళియు నెరుగని వారు మన ప్రాంతమున నెవరు? గాలి ఫిల్టరు చిరిగినచో ఆ ధూళి లోనికి చొచ్చి నూనెలో కలియును. పిన్నులకు అది ఆకురాయి యగును. అనేక ఇంజనులలో టెన్షనరు కూడ నూనె ఒత్తిడితోనే పనిచేయును. ఉదయమున చల్లని ఇంజను మొదలిడగానే గలగలమని చప్పుడు వినవచ్చి, కొన్ని క్షణములకు అణగినచో దానిని ఉపేక్షింపరాదు.

ఆ బాడుగ కారు అట్లే రెండు నెలలు గలగలలాడినదట! ఒక మేస్త్రీ క్రొత్త గొలుసు మాత్రము వేసి, అరిగిన పండ్లచక్రములను, పాత టెన్షనరును అట్లే యుంచెను. ఖర్చు తగ్గునని యజమానియు ఒప్పుకొనెను. తప్పు గొలుసుది కాదని మా నిశ్చితాభిప్రాయము. తేలిక కారునకు గొలుసే తగినది. కాని మార్చునప్పుడు గొలుసు, రెండు చక్రములు, దన్నుపట్టీలు, టెన్షనరు అన్నియు ఒక్కసారి మార్చవలెను. నూనెమార్పునకు గడువు దాటనీయరాదు. అంత శ్రద్ధ తనవలన కాదను వాడు గేర్ల ఇంజను గల బండినే వెదకి కొనుట మేలు, ఆ మ్రోతను సహింపగలిగినచో.

ఆ కారు ఇప్పుడు మరల మాచర్ల దారిని తిరుగుచున్నది. నూనె మార్చిన తేదీని, నాటి కిలోమీటరులను బాలుడే ఇంటిగోడ క్యాలెండరుపై వ్రాయుచున్నాడు.