పాత క్యాన్సర్ ఉంటే ఆశ వదులుకోవాలా?

'ఒకసారి క్యాన్సర్ వచ్చి తగ్గింది. ఇప్పుడు మళ్లీ ఊపిరితిత్తుల్లో... ఇక ఆస్పత్రుల చుట్టూ తిప్పి బాధపెట్టడం ఎందుకు?' రెండోసారి క్యాన్సర్ బయటపడిన ఇళ్లల్లో తరచూ వినిపించే మాట ఇది. మొదటిసారే ఒళ్లు గుల్లయింది కదా, రెండో దెబ్బకు ఎలా తట్టుకుంటారని ఇంటిల్లిపాదీ దిగులు పడతారు. బంధువులు కూడా ఆ మాటకే తలూపుతారు. విచిత్రమేమిటంటే, చాలాకాలం పాటు క్యాన్సర్ పరిశోధకులు కూడా దాదాపు ఇలాగే అనుకున్నారు. తీరా లెక్కలు తీసి చూస్తే కథ వేరేగా ఉంది.

తిరగబెట్టిందా? కొత్తదా?

ముందుగా తేల్చుకోవాల్సింది ఇది. రొమ్ములోనో, పెద్దపేగులోనో పుట్టిన క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకితే దాన్ని ఊపిరితిత్తుల క్యాన్సర్ అనరు. అది పాత క్యాన్సరే, చోటు మార్చిందంతే. దానికి వాడే మందులు కూడా పాత క్యాన్సర్‌కు సంబంధించినవే. అలా కాకుండా ఊపిరితిత్తిలోనే కొత్తగా గడ్డ పుడితే అది వేరే జబ్బు, దాని చికిత్స వేరు. స్కాన్‌లో రెండూ ఒకేలా కనిపించవచ్చు. గడ్డ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షిస్తే (బయాప్సీ) చాలావరకూ తేడా తెలుస్తుంది. 'పాతదే మళ్లీ వచ్చింది' అని ఇంట్లోవాళ్లే తీర్మానించేసుకుంటే సరైన మందు అందకుండా పోయే ప్రమాదం ఉంది.

రెండూ ఒకరికే ఎందుకు?

ఇదేమీ అరుదైన విషయం కాదు. అమెరికాలో 2009-2013 మధ్య క్యాన్సర్ బయటపడినవారి వివరాలు పరిశీలిస్తే, 65 ఏళ్లు, అంతకు పైబడిన వారిలో నలుగురిలో ఒకరికి అంతకుముందే మరో క్యాన్సర్ వచ్చి ఉంది. ఒకదానికి చికిత్స తీసుకుని ఎక్కువకాలం బతుకుతున్నవారు పెరిగేకొద్దీ, రెండోది కనిపించే సందర్భాలూ పెరుగుతాయి.

దీనికి వయసొక్కటే కారణం కాదు. నోరు, గొంతు, మూత్రాశయం, ఊపిరితిత్తులు... వీటన్నిటికీ ఉమ్మడి శత్రువు పొగాకు. ఉత్తర కోస్తా పల్లెల్లో చుట్ట నిప్పును నోటి లోపల పెట్టుకుని 'అడ్డపొగ' తాగే అలవాటు ఆడవాళ్లలో కనిపిస్తుంది. దానివల్ల అంగిలికి క్యాన్సర్ ముప్పు ఉంటుందన్నది వైద్యులకు ఎప్పట్నుంచో తెలిసిన సంగతే. నోటి క్యాన్సర్ తగ్గినా పొగ మానకపోతే ఊపిరితిత్తుల ముప్పు వెంటాడుతూనే ఉంటుంది. గతంలో ఛాతీకి రేడియేషన్ తీసుకున్నవారిలోనూ ఈ ముప్పు కొంత ఎక్కువ. వారు పొగ కూడా తాగితే అది మరింత పెరుగుతుంది.

తలుపులు మూసిన నిబంధన

కొత్త మందులను రోగుల మీద పరీక్షించి చూసే అధ్యయనాలను క్లినికల్ ట్రయల్స్ అంటారు. మార్కెట్‌లోకి రాని మందులు కొందరు రోగులకు వీటిద్వారానే ముందుగా అందుతాయి. అమెరికాలో డల్లాస్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయ సౌత్‌వెస్టర్న్ వైద్య కేంద్రానికి చెందిన డాక్టర్ డేవిడ్ గెర్బర్ బృందం 51 ఊపిరితిత్తుల క్యాన్సర్ ట్రయల్స్ నిబంధనలను పరిశీలించి 2014లో ఫలితాలు ప్రకటించింది. వాటిలో 80 శాతం, అంతకుముందు మరో క్యాన్సర్ వచ్చినవారిని ఏదో ఒక రూపంలో పక్కన పెట్టేవే! కొన్ని 'ఐదేళ్లలోపు వచ్చి ఉండకూడదు' అంటే, మరికొన్ని 'ఎప్పుడూ వచ్చి ఉండకూడదు' అన్నాయి. ఈ ఒక్క నిబంధన వల్లే కొన్ని ట్రయల్స్‌లో 18 శాతం దాకా రోగులు అవకాశం కోల్పోతారని అంచనా.

పాత జబ్బు ఆయుష్షును తగ్గిస్తుంది, దాంతో కొత్త మందు ఫలితం తేలకుండా పోతుంది... ఇదీ ఆ నిబంధన వెనకున్న ఆలోచన. వినడానికి సబబుగానే ఉంది. మరి నిజమేనా?

లెక్క ఏం చెప్పింది?

అదే బృందం 2015లో మరో అధ్యయనాన్ని వెలువరించింది. 1992 నుంచి 2009 వరకూ నాలుగో దశ ఊపిరితిత్తుల క్యాన్సర్ బయటపడిన, 65 ఏళ్లు పైబడిన 1,02,929 మంది వివరాలను ఇందులో పరిశీలించారు. వీరిలో 14.7 శాతం మందికి అంతకుముందే ప్రొస్టేట్, జీర్ణవ్యవస్థ, రొమ్ము వంటి చోట్ల క్యాన్సర్ వచ్చింది. వయసు, ఇతర జబ్బులు వంటి తేడాలను సరిచేసి పోల్చి చూస్తే, పాత క్యాన్సర్ ఉన్నవారి పరిస్థితి మిగతావారికంటే అధ్వానంగా ఏమీ లేదు. పైగా, ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోయే ముప్పు వీరిలో 19 శాతం తక్కువ. ఏ కారణంతోనైనా చనిపోయే ముప్పు 7 శాతం తక్కువ.

అలాగని పాత క్యాన్సర్ కవచంలా కాపాడుతుందనుకుంటే పొరపాటే. ఒకసారి జబ్బుపడి లేచినవారు క్రమం తప్పకుండా డాక్టర్ దగ్గరికి వెళ్తారు, స్కాన్‌లు తీయించుకుంటారు. కాబట్టి కొత్త గడ్డ కాస్త ముందే కంటపడొచ్చు. జబ్బు కాస్త ముందే తెలిసినా, ఆ తర్వాత బతికిన కాలం లెక్కలో ఎక్కువగా కనిపిస్తుంది. అదీగాక, మొదటి క్యాన్సర్‌ను తట్టుకుని నిలబడినవారు సహజంగానే గట్టివారై ఉండవచ్చు.

మరో మాట. ఇది నాలుగో దశ లెక్క. అక్కడ ప్రాణానికి అసలు ముప్పు ఊపిరితిత్తుల క్యాన్సరే, పాతది వెనక్కి వెళ్లిపోతుంది. తొలిదశలోనే దొరికి, ఏళ్ల తరబడి బతికే అవకాశం ఉన్నవారిలో పాత క్యాన్సర్ తిరగబెట్టే సంగతినీ డాక్టర్ చూసుకోవాల్సిందే. పైగా ఈ రోగులంతా ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు ఇమ్యునోథెరపీ మందులు రాకముందు కాలంవారు.

నిబంధన సడలింది

ఇలాంటి పరిశోధనల వల్ల ఆలోచన మారింది. పాత క్యాన్సర్ ఉందన్న ఒక్క కారణంతో అందరినీ తోసిపుచ్చొద్దని 2017లో అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం, మరో సంస్థతో కలిసి సూచించింది. అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో ఇదే దారిలో మార్గదర్శకాలు ఇచ్చింది. పాత జబ్బు గానీ దాని చికిత్స గానీ కొత్త మందు భద్రతకూ, ఫలితానికీ అడ్డు రానప్పుడు వారినీ చేర్చుకోవచ్చన్నది దాని సారాంశం.

ఇంట్లోవాళ్లు ఏం చేయాలి?

* పాత ఫైలు పారేయొద్దు. మొదటి బయాప్సీ రిపోర్టు, ఆపరేషన్ వివరాలు, డిశ్చార్జి కాగితాలు ఒకేచోట ఉంచాలి. ఆనాటి స్లైడ్లు, బ్లాకులు ఆస్పత్రిలో ఉన్నాయేమో అడగాలి. కొత్త గడ్డను పాతదాంతో పోల్చడానికి అవే ఆధారం.

* గతంలో ఏ మందులు, ఎన్ని విడతలు ఎక్కించారో డాక్టర్‌కు చెప్పాలి. గుండె మీద ప్రభావం చూపే డాక్సోరూబిసిన్ వంటి మందులకు జీవితకాలం మొత్తానికి ఓ పరిమితి ఉంటుంది. రేడియేషన్ ఎక్కడ, ఎంత ఇచ్చారన్నదీ అంతే ముఖ్యం. ఒకసారి ఇచ్చినచోటే మళ్లీ ఇవ్వాలంటే ఆచితూచి అడుగేయాలి.

* ఒకసారి క్యాన్సర్ వచ్చి తగ్గినవారికి మూడు వారాలు దాటినా దగ్గు తగ్గకపోయినా, కళ్లెలో రక్తం పడినా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా వెంటనే చూపించుకోవాలి.

* పొగ మానాలి. జబ్బు వచ్చేశాక మానినా చికిత్సకు మేలే.

ఇక 'చికిత్స చేయించాలా, వద్దా' అన్న ప్రశ్న. కొత్త క్యాన్సర్ ఏ రకం, ఏ దశ, మనిషి ఓపిక ఎంత, ఆ మనిషి కోరుకునేది ఏమిటి... ఈ నాలుగూ చూసి తేల్చాల్సిన విషయమది. పాత క్యాన్సర్ కూడా డాక్టర్ లెక్కలోకి వస్తుంది. కానీ అదొక్కటే చూసి ఆశ వదులుకోవడం రోగికి అన్యాయం చేసినట్టే.